చూసేవాళ్లు లేని వేళ

నున్నటి టైల్సు, ఏసీ గదులు, గోడ మీద రంగురంగుల బొమ్మలు... ఇవేవీ మంచాన పడ్డ మనిషిని పక్కకి తిప్పి పడుకోబెట్టవు. పెద్దల్ని చూసుకునే హోమ్ మంచిదో కాదో తేల్చుకోవాలంటే ఏం చూడాలి? ఎప్పుడు చూడాలి? ఎవర్ని అడగాలి?

సికింద్రాబాద్‌లో మెట్టుగూడ మెట్రో స్టేషను దిగి లాలాగూడ రైల్వే ఆస్పత్రి దారి పట్టేవాళ్లలో నెరిసిన తలలే ఎక్కువ. ఒక చేతిలో ఫైలు, ఇంకో చేతిలో మందుల సంచీ. దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది 1966 అక్టోబరు 2న. ఆ రోజుల్లో ఇరవై ఏళ్లకే ఉద్యోగంలో చేరినవాళ్లు ఇప్పుడు ఎనభైల్లో పడ్డారు. లాలాగూడ వర్క్‌షాపులోనో, రైల్ నిలయంలోనో, స్టేషన్లలోనో పనిచేసి రిటైరైన కుటుంబాలు చిలకలగూడ నుంచి తార్నాక దాకా ఎన్నో ఉన్నాయి. పిల్లలు మాత్రం గచ్చిబౌలిలోనో, బెంగళూరులోనో, డాలస్‌లోనో స్థిరపడ్డారు.

మిగతా వృద్ధులతో పోలిస్తే వీళ్లు కాస్త నయం. నెల తిరిగేసరికి పింఛను పడుతుంది, జబ్బు చేస్తే రైల్వే ఆస్పత్రి ఉంది. చిక్కంతా ఆస్పత్రి గేటు దాటాకే. బాత్‌రూమ్‌లో జారిపడి తుంటి ఎముక విరిగిన తల్లికి ఆపరేషన్ చేస్తారు, కొన్నాళ్లకి డిశ్చార్జి చేస్తారు. డాక్టర్ల పని అక్కడికి అయిపోయింది. ఆమెను లేపి కూర్చోబెట్టేదెవరు, రాత్రి రెండింటికి డైపర్ మార్చేదెవరు అన్నది డిశ్చార్జి కాగితంలో ఉండదు. ఇంట్లో ఉన్నది గుండె జబ్బున్న తండ్రి ఒక్కడే. కొడుకు సెలవు పెట్టుకు వచ్చినా అది నాలుగు రోజులే. ఆ నాలుగు రోజుల్లో తల్లిని ఎక్కడో ఒకచోట చేర్చి విమానం ఎక్కాలి.

అప్పుడు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. నెలకి ఎంత? లిఫ్టు ఉందా? ఏసీయా, నాన్ ఏసీయా? వీడియో కాల్ చేయిస్తారా? అడగాల్సినవే. కానీ ఇరవై నాలుగ్గంటల్లో తల్లి ఒంటి మీద ఎన్ని చేతులు పడతాయో వీటిలో ఒక్కటీ చెప్పదు. హోమ్‌లో సంరక్షణ ఎలా ఉందో తెలిసేది బంధువులు కూర్చున్న పగటివేళ కాదు. సెలవు రోజున, నడిరాత్రి, ఎవరూ చూడ్డానికి రాని మనిషి మంచం దగ్గర తెలుస్తుంది. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తాం కదా, ఆ మంచమే ఇక్కడ పట్టి చూడాల్సిన మెతుకు.

అడిగే నాథుడెవరు?

మన వీధుల్లో నర్సింగ్ హోమ్ అని బోర్డు ఉంటే అది చాలావరకు చిన్న ఆస్పత్రి. కాన్పులు, ఆపరేషన్లు, జ్వరాలు. ఇలాంటి వాటి రిజిస్ట్రేషన్ కోసం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2002లోనే చట్టం చేసింది. వృద్ధుల్ని నెలల తరబడి ఉంచుకుని చూసే చోట్ల బోర్డులు వేరు. వృద్ధాశ్రమం, ఓల్డేజ్ హోమ్, సీనియర్ కేర్, అసిస్టెడ్ లివింగ్, పేషెంట్ కేర్ సెంటర్. కొన్ని ట్రస్టులు నడిపేవి, కొన్ని పక్కా వ్యాపారం. కాలనీల్లో అద్దెకి తీసుకున్న ఇళ్లలో నడిచేవీ ఉన్నాయి. రిజిస్ట్రేషన్ ఉందా అని అడిగితే సొసైటీదో ట్రస్టుదో సర్టిఫికెట్ చూపిస్తారు. ఆ కాగితం అధ్యక్షుడెవరో, కార్యదర్శి ఎవరో చెబుతుంది. నైట్ డ్యూటీలో నర్సు ఉందో లేదో చెప్పదు.

కేంద్రం 2007లో తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం తెచ్చింది. నిరుపేద వృద్ధుల కోసం జిల్లాకి ఒకటైనా, కనీసం 150 మందికి చోటుండేలా ఆశ్రమాలు పెట్టవచ్చని అందులోని 19వ సెక్షన్ రాష్ట్రాలకి చెప్పింది. డబ్బు కట్టించుకుని నడిపే ప్రైవేటు హోమ్‌ల మీద పెద్దగా దృష్టి పెట్టలేదు. ఆ లోటు పూడ్చడానికి 2019 డిసెంబరులో లోక్‌సభలో సవరణ బిల్లు పెట్టారు. ప్రతి హోమ్ రిజిస్టరు కావాలి, కనీస ప్రమాణాలు పాటించాలి అన్నది అందులో ముఖ్యమైన మాట. స్థాయీ సంఘానికి వెళ్లింది, నివేదికా వచ్చింది. ఆ లోక్‌సభ గడువు ముగిసింది కానీ బిల్లు చట్టం కాలేదు.

చట్టం చూడని చోట ఏం జరుగుతుందో హైదరాబాద్‌కి తెలియనిది కాదు. 2020 జనవరిలో కీసర దగ్గర నాగారంలో ఒక ఆశ్రమం మీద రాచకొండ పోలీసులు దాడి చేసి 70 మందికి పైగా బయటికి తీసుకొచ్చారు. వృద్ధులూ, మానసిక రోగులూ, మద్యం మానిపించడానికి తెచ్చినవాళ్లూ అందరూ ఒకే కప్పు కింద ఉన్నారు. కొందర్ని గొలుసులతో కట్టేశారన్న ఆరోపణలు వచ్చాయి. అది నిర్మానుష్యమైన చోటు కాదు, ఇళ్ల మధ్యనున్న కాలనీ. చాలామందిని చేర్చింది సొంతవాళ్లే. డబ్బు కట్టి మరీ చేర్చారు. లోపలి గది దాకా వెళ్లి చూసినవాళ్లే కరవయ్యారు.

ఐదు నక్షత్రాలూ, ఒక పాఠం

సంరక్షణను కొలవడమెలా అన్న ప్రశ్నకి పాత జవాబొకటి ఉంది. అవెడిస్ డొనబెడియన్ అనే వైద్యుడు 1966లో రాసిన వ్యాసంలో వైద్యం నాణ్యతని మూడు వైపుల నుంచి చూడమన్నాడు. ఉన్నదేమిటి? చేస్తున్నదేమిటి? చివరికి మనిషికి జరిగిందేమిటి? మంచాలు, నర్సులు, ఆక్సిజన్ సిలిండరు మొదటి లెక్క. వేళకి మందు వేశారా, పక్కకి తిప్పారా అన్నది రెండోది. పుండు పడిందా, బరువు తగ్గిందా, కింద పడ్డారా అన్నది మూడోది. మన హోమ్‌ల బ్రోచర్లలో కనిపించేదల్లా మొదటిదే.

అమెరికాలో నర్సింగ్ హోమ్‌ల దుస్థితి మీద ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 1986లో నివేదిక ఇచ్చింది, మరుసటి ఏడాదే సంస్కరణ చట్టం వచ్చింది. సిబ్బంది సౌకర్యం కోసం రోగిని కట్టేయకూడదు, మందులతో మత్తులో ఉంచకూడదు అన్నదాన్ని అందులో రోగి హక్కుగా రాశారు. 2008 చివర్లో ప్రభుత్వమే ఒక్కో హోమ్‌కి ఒకటి నుంచి ఐదు దాకా నక్షత్రాలు ఇవ్వడం మొదలుపెట్టింది. తనిఖీలో తేలింది ఎంత, సిబ్బంది ఎందరు, రోగుల పరిస్థితి ఎలా ఉంది అన్నవి మూడూ కలిపి లెక్క. 

ఆ నక్షత్రాలూ పూర్తిగా నమ్మదగ్గవి కావని తర్వాత బయటపడింది. కొన్ని వివరాలు హోమ్‌లే రాసి పంపేవి. వాటిని పెంచి రాసి మంచి గ్రేడు తెచ్చుకున్న సంస్థల గురించి న్యూయార్క్ టైమ్స్ 2021లో పరిశోధన కథనం వేసింది. ఆ మరుసటి ఏడు ప్రభుత్వం లెక్కలో రెండు కొత్త అంశాలు చేర్చింది. శని, ఆదివారాల్లో సిబ్బంది ఎందరుంటున్నారు? ఏడాదిలో ఎందరు మానేశారు? మనకి పనికొచ్చే పాఠం ఇదే. హోమ్ తన గురించి తాను చెప్పుకునే మాట కంటే సెలవు రోజు డ్యూటీ చార్టు నిజం చెబుతుంది. ఒక్కో రోగికి రోజుకి కనీసం 3.48 గంటల నర్సింగ్ సేవ అందాలని అక్కడ 2024లో నిబంధన పెట్టారు. హోమ్‌ల సంఘాలు కోర్టుకెక్కాయి, మరుసటి ఏడు కోర్టు దాన్ని కొట్టేసింది. అయినా ఆ అంకెను మనం వాడుకోవచ్చు. అమ్మ పక్కన రోజులో ఎన్ని నిమిషాలు మనిషి ఉంటారని మేనేజర్ని అడిగి చూడండి. చాలామంది అలా ఎప్పుడూ లెక్కేసి ఉండరు.

ఒళ్లు చెప్పే నిజం

మనిషి తన కష్టం చెప్పుకోలేని స్థితిలో ఉన్నప్పుడు ఒళ్లు చెబుతుంది. మొదటి సాక్ష్యం నడుం కింది భాగం, మడమలు, తుంటి ఎముకలు. కదల్లేని మనిషి ఒకే పక్కన పడుకుంటే ఎముక బరువంతా ఆ చర్మం మీదే పడి రక్తం ఆడదు. కొద్ది గంటల్లోనే చర్మం ఎర్రబడుతుంది. ఆ ఎరుపు మీద వేలితో నొక్కి వదలండి. వేలి కింద తెల్లబడి మళ్లీ ఎర్రబడితే ఇంకా ముప్పు రాలేదు. నొక్కినా ఎరుపు అలాగే ఉంటే బెడ్‌సోర్ మొదలైనట్టే. ఛాయ తక్కువ ఉన్నవాళ్లలో ఎరుపు సరిగా కనిపించదు. అక్కడ చర్మం వేడిగానో గట్టిగానో తగిలితే అనుమానించాలి. ఈ దశలో పట్టుకుంటే తగ్గుతుంది. వదిలేస్తే లోపల ఎముక దాకా పోతుంది, ఆపైన నెలల వైద్యం.

దీనికి పాతకాలం నుంచీ ఉన్న మందు తిప్పడమే. రెండు గంటలకోసారి అన్నది నర్సింగ్ బడుల్లో నేర్పే లెక్క. తెలిసిన ఆయా ఈ పని చేస్తుంటే పక్కన నిలబడి చూడండి. ముందు మామ్మగారి పేరు పెట్టి పిలుస్తుంది. ‘ఎడంపక్కకి తిప్పుతున్నానమ్మా’ అని చెబుతుంది. మోకాలు మడిచి, భుజం మీద ఒక చెయ్యి, తుంటి మీద ఒక చెయ్యి వేసి కట్టెలా లాగకుండా దొర్లిస్తుంది. వీపు వెనక ఒక దిండు, మోకాళ్ల మధ్య ఒకటి, మడమలు పరుపుకి తగలకుండా పిక్కల కింద ఇంకొకటి పెడుతుంది. దుప్పటిలో ముడత ఉంటే సరిచేస్తుంది. అయిదు నిమిషాల పని. తెలియని చేతులైతే చంకల కింద పట్టి ఈడుస్తాయి, ముసలి చర్మం ఆ రాపిడికే చిట్లుతుంది. ఎయిర్ బెడ్ వేశాం కదా అని తిప్పడం మానేసే చోట్లూ ఉన్నాయి. ఎయిర్ బెడ్ తోడుగా ఉండాల్సిందే తప్ప ఆయా చేతులకి బదులు కాదు.

రెండో సాక్ష్యం బరువు. నెలకోసారి తూచి పుస్తకంలో రాయాలి. మంచం మీంచి లేవలేనివాళ్లకి వీల్‌చెయిర్ తూకం యంత్రమో, జబ్బ చుట్టుకొలతో ఏదో ఒక దారి ఉంటుంది. నెలలో వందకి అయిదు వంతులు తగ్గితే అది హెచ్చరిక. అంటే 50 కిలోల మనిషి రెండున్నర కిలోలు తగ్గడం. ‘వయసైపోయింది కదండీ, తగ్గుతారు’ అన్న మాటతో సరిపెట్టుకోవద్దు. కట్టుడుపళ్లు వదులయ్యాయా, నోరు పూసిందా, తినిపించే మనిషికి టైము చాలడం లేదా అని చూడాలి. మింగడం కష్టమైన మనిషికి మెత్తటి అన్నం తినిపించాలంటే అరగంట పడుతుంది. తిన్నాక ఇంకో అరగంట కూర్చోబెట్టాలి, లేకపోతే మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోయి నిమోనియా పట్టుకుంటుంది. ఒక్క ఆయా ఎనిమిది మందికి గంటలో భోజనం ముగించిందంటే ఆ లెక్క ఎక్కడ కుదిరిందో ఆలోచించండి.

మిగతా సాక్ష్యాలు చిన్నవే, కానీ తేలిగ్గా దొరుకుతాయి. పెదాలు పిడచకట్టి ఉన్నాయా? నాలుక మీద తెల్లటి పూత ఉందా? గోళ్లు తీశారా? యూరిన్ బ్యాగు నేల మీద పడి ఉందా, మంచానికి వేలాడుతోందా? నీళ్ల గ్లాసు చెయ్యి అందే దూరంలో ఉందా? కళ్లజోడు, చెవి మిషను మనిషి దగ్గరే ఉన్నాయా, ఆఫీసు అల్మారాలో భద్రంగా ఉన్నాయా? గదిలో మూత్రం వాసన కొడితే శుభ్రం లేనట్టు. పొద్దస్తమానం ఫినాయిల్ ఘాటు కొడుతున్నా కాస్త అనుమానించాల్సిందే.

రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా

మన దగ్గర చాలా హోమ్‌లు పన్నెండు గంటల డ్యూటీల మీద నడుస్తాయి. పగలు మేనేజరు ఉంటారు, ఫిజియోథెరపిస్టు వస్తారు, వంటమనిషి ఉంటుంది, బంధువులు వస్తారు. రాత్రి వీళ్లెవరూ ఉండరు. అసలు సంరక్షణ అవసరమయ్యేది అప్పుడే. మతిమరుపు ఉన్నవాళ్లు అర్ధరాత్రి లేచి ఇంటికి పోతానంటారు. బాత్‌రూమ్‌కని లేచి పడిపోతారు. షుగర్ పడిపోయి చెమటలు పట్టేది తెల్లవారుజామునే.

అందుకే అడగాల్సిన మొదటి ప్రశ్న: రాత్రి ఎవరుంటారు? ఎందరు పేషెంట్లకి ఎందరు? అందులో నర్సింగ్ చదివినవాళ్లున్నారా, అంతా అటెండర్లేనా? మందులిచ్చేది ఎవరు? డాక్టర్‌ని పిలవాలా వద్దా అని రాత్రి ఒంటిగంటకి నిర్ణయించేదెవరు? అంబులెన్స్ ఎక్కించి ఏ ఆస్పత్రికి పంపుతారు? రైల్వే మెడికల్ కార్డు ఉన్నవాళ్లయితే లాలాగూడకా, దగ్గర్లోని ప్రైవేటు ఆస్పత్రికా? ఇది ముందే రాసిపెట్టుకున్న హోమ్ ఒక రకం. ‘అప్పుడు చూసుకుందామండీ’ అనే హోమ్ ఇంకో రకం.

రాత్రి మనుషులు తక్కువైతే అడ్డదారులు రెండు. ఒకటి కట్టేయడం. ముక్కు గొట్టం పీకేస్తున్నారనో, మంచం దిగుతున్నారనో చేతులకి గుడ్డ చుట్టి మంచం రాడ్డుకి కడతారు. మానసిక వైద్య సంస్థల విషయంలో మన 2017 చట్టం గొలుసులు వేయడాన్ని పూర్తిగా నిషేధించింది. తక్షణ ప్రమాదం తప్పించడానికి వేరే దారి లేనప్పుడు మాత్రమే, సైకియాట్రిస్టు అనుమతితో కట్టవచ్చంది. ఆ సంగతి 24 గంటల్లో రోగి తరఫు మనిషికి చెప్పాలంది. వృద్ధుల హోమ్‌లోనూ అంతకంటే తక్కువ జాగ్రత్తకి మనం ఒప్పుకోకూడదు. మణికట్టు చుట్టూ గీత, కమిలిన మచ్చ కనిపిస్తే అక్కడే అడగండి.

రెండోది నిద్రమాత్ర. పగలు పదకొండింటికి వెళ్లినా అమ్మ కళ్లు తెరవలేకపోతోందంటే మందుల చీటీ తెప్పించండి. పెద్దవాళ్లకి జాగ్రత్తగా వాడాల్సిన, వీలైతే వాడకూడని మందుల జాబితాని మార్క్ బీర్స్ అనే వైద్యుడి బృందం 1991లోనే తయారుచేసింది. అది తయారైందే నర్సింగ్ హోమ్ వాసుల కోసం. దాన్ని ఇప్పటికీ మెరుగుపరుస్తూ వాడుతున్నారు. అల్ప్రాజొలమ్, డయాజెపామ్ జాతి మాత్రలు అందులో ఉన్నాయి. ముసలి ఒంట్లో అవి చాలాసేపు నిలిచిపోతాయి, తూలిపడేలా చేస్తాయి, మతి మరింత తప్పిస్తాయి. డాక్టర్ రాసిచ్చారా, ఎందుకు రాశారు, ఎన్నాళ్లకి రాశారు అన్నది తెలుసుకోవడం కుటుంబం హక్కు.

డ్యూటీ పుస్తకం చూడటం కూడా ఒక విద్యే. తిప్పిన వేళ, బీపీ, షుగర్, యూరిన్ కొలత రోజంతా నిండుగా ఉంటాయి. కానీ పది గంటలదీ, పన్నెండుదీ, రెండుదీ, నాలుగుదీ ఒకే పెన్నుతో, ఒకే దస్తూరితో, ఒకే వాలులో ఉంటే అది తెల్లారాక ఒక్క విడతలో రాసిన పుస్తకం. కొట్టివేతలూ, ఖాళీలూ, ‘పేషెంట్ వద్దన్నారు’ అన్న మాటలూ ఉన్న పుస్తకమే నిజానికి దగ్గరగా ఉంటుంది.

చూసుకునేవాళ్లని చూసేదెవరు?

ఇదంతా చదివి హోమ్‌లన్నీ మోసమే అనుకోవడం పొరపాటు. మనుషుల్ని నిలబెట్టుకోవడం నడిపేవాళ్లకి పెద్ద తలనొప్పి. ఆయా పని బరువైనది, మలమూత్రాలతో కూడింది, జీతం అంతంతమాత్రం. ఎక్కువ ఇచ్చే ఏజెన్సీ దొరికితే వెళ్లిపోతారు. అయినా పాత మనిషి ఉన్న చోట కనిపించే తేడా వేరు. మామ్మగారికి ఎడమ చెవి వినపడదని, కుడివైపు నిలబడి పిలవాలని ఆమెకి తెలుసు. తాతయ్య తిండి వద్దంటే ఒక్క చెంచా పెరుగన్నంతో మొదలుపెడితే తింటాడనీ తెలుసు. ఇవి ఏ రిజిస్టరులోనూ ఉండవు. మనిషి మానేస్తే ఆమెతోపాటే పోతాయి. అందుకే ఆయాని పక్కకి పిలిచి ‘ఇక్కడ ఎన్నాళ్ల నుంచి చేస్తున్నావమ్మా’ అని అడగడం మేనేజర్‌తో అరగంట మాట్లాడటం కంటే మేలు. ఆమె ఎక్కడ తింటుంది, ఎక్కడ పడుకుంటుంది, వారానికి సెలవుందా అన్నది కూడా తెలుసుకోండి. నిద్ర లేని చేతుల నుంచి ఓపిక ఆశించలేం.

తప్పు కుటుంబాల వైపూ ఉంటుంది. చేర్చిన మొదటి నెల రోజూ ఫోన్, మూడో నెల వారానికోసారి, ఏడాది తిరిగేసరికి బిల్లు కట్టడానికి మాత్రమే. కొందరు అదీ కట్టరు, నంబరు మార్చేస్తారు. వృద్ధుల్ని చూసుకోవాల్సినవాళ్లు వాళ్లని పూర్తిగా వదిలించుకునే ఉద్దేశంతో ఎక్కడైనా వదిలేస్తే మూడు నెలల దాకా జైలో, అయిదు వేల దాకా జరిమానానో, రెండూనో విధించవచ్చని 2007 చట్టం 24వ సెక్షన్ చెబుతుంది. ఆస్తి రాయించుకుని, చూసుకుంటామన్న షరతు తప్పితే ఆ బదిలీనే రద్దు చేయించే వీలు 23వ సెక్షన్‌లో ఉంది.

దూరాన ఉన్న పిల్లలు సీసీ కెమెరా లింకు ఫోన్‌లో పెట్టుకుని ధైర్యంగా ఉంటారు. కెమెరాకి మంచం కనిపిస్తుంది, దుప్పటి కింది మడమ కనిపించదు. బట్టలు మార్చే వేళ కెమెరా ఉండటం అమ్మ మర్యాదకీ సరికాదు. వారానికి ఒక్కసారైనా, చెప్పకుండా, వేర్వేరు వేళల్లో వెళ్లగల మనిషిని ఊళ్లో ఒకర్ని పెట్టుకోవడం మేలు. మేనత్త కొడుకైనా, పాత ఇంటి పక్కవాళ్లైనా, నాన్నతో పనిచేసిన మిత్రుడైనా ఫర్వాలేదు.

డబ్బు దగ్గర కూడా కాగితమే దిక్కు. అడ్వాన్సు ఎంత, మధ్యలో తీసుకెళ్తే ఎంత వెనక్కి ఇస్తారు, ఆస్పత్రిలో ఉన్న రోజులకి కట్టాలా, డైపర్లూ ఫిజియో డాక్టర్ విజిట్లూ నెల ఫీజులో ఉన్నాయా అన్నవి చేర్చేముందే రాయించుకోవాలి. పన్ను మినహాయింపున్న ట్రస్టులు 60 దాటినవాళ్ల కోసం నడిపే హోమ్‌లో గది, భోజనం, నిర్వహణ కలిపి నెలకి 25 వేలు మించకపోతే జీఎస్టీ లేదు. బిల్లులో అది పడితే అడగండి. డబ్బు తీసుకుని చెప్పిన సేవ చేయకపోతే వినియోగదారుల కమిషన్‌కి వెళ్లవచ్చు. కట్టిన మొత్తం అయిదు లక్షల లోపైతే ఫిర్యాదుకి ఫీజు కూడా ఉండదు.

వెళ్లినప్పుడు దగ్గరుంచుకోండి

మొదటిసారి చెప్పి వెళ్లండి, రెండోసారి చెప్పకుండా వెళ్లండి. రెండోది ఆదివారం సాయంత్రమో, రాత్రి భోజనం వేళో అయితే మంచిది.

ఏదో ఒక మంచం దగ్గర బెల్లు నొక్కి ఎంతసేపటికి వస్తారో చూడండి.

ఇప్పుడు ఎందరికి బెడ్‌సోర్లు ఉన్నాయి, అందులో ఇక్కడికి వచ్చాక పడినవెన్ని అని అడగండి. ఒక్కటీ లేదనే జవాబు కంటే, ఉన్నాయి, ఇలా డ్రెస్సింగ్ చేస్తున్నాం అనే జవాబే నమ్మదగ్గది.

గత మూడు నెలల్లో ఎందరు కింద పడ్డారు, ఆ తర్వాత ఏం మార్చారు అని అడగండి.

మందులు ఒక్కొక్కరికి వేరే డబ్బాలో పేరు రాసి ఉన్నాయా, అందరివీ ఒకే ట్రేలో కలిసిపోయాయా చూడండి.

కట్టేసినా, నిద్రమందు మొదలుపెట్టినా, ఆస్పత్రికి తరలించినా అదే రోజు మీకు ఫోన్ వస్తుందా? అది ఒప్పందంలో రాసి ఇస్తారా?

అక్కడున్న పెద్దవాళ్లతో ఒంటరిగా మాట్లాడనిస్తారా? మేనేజరు పక్కనే నిలబడితే, ఎందుకు నిలబడ్డారో కూడా అర్థం చేసుకోండి.

మంటలు వస్తే మంచాన ఉన్నవాళ్లని కిందికి ఎలా దించుతారు? మూడో అంతస్తులో హోమ్ ఉండి, లిఫ్టు ఒక్కటే దారైతే అది జవాబు కాదు.

కష్టం వస్తే: వృద్ధుల కోసం జాతీయ హెల్ప్‌లైన్ 14567 ఉంది. దీనికి బీజం పడింది హైదరాబాద్‌లోనే. టాటా ట్రస్ట్స్, విజయవాహిని చారిటబుల్ ఫౌండేషన్ 2017లో ఇక్కడ మొదలుపెట్టిన ప్రయత్నమే తర్వాత దేశమంతటికీ ఎల్డర్ లైన్ అయింది. పోషణ, ఆస్తి తగాదాలకి ఆర్డీవో దగ్గర ట్రిబ్యునల్ ఉంటుంది. మెట్టుగూడవాళ్లకి అది సికింద్రాబాద్ రెవెన్యూ డివిజన్. పోషణ కోరుతూ పెట్టిన అర్జీని 90 రోజుల్లో తేల్చాలని చట్టం అంటోంది. కొట్టడం, కట్టేయడం లాంటివి కంటబడితే ట్రిబ్యునల్ కోసం ఆగొద్దు, 100కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి.

పక్క మంచం సంగతి

2022 నాటికి దేశంలో 60 దాటినవాళ్లు 14.9 కోట్లని, 2050 నాటికి 34.7 కోట్లవుతారని ఐక్యరాజ్యసమితి జనాభా నిధి లెక్క కట్టింది. అంటే అప్పటికి ప్రతి అయిదుగురిలో ఒకరు. హోమ్‌లు ఇంకా పెరుగుతాయి. ఒక్కొక్క కుటుంబం ఒక్కొక్క హోమ్‌ని పరీక్షించుకుంటూ పోవడం పరిష్కారం కాదు. రాష్ట్రం చేయాల్సినవి మూడే, పెద్ద ఖర్చూ కాదు. ప్రతి హోమ్ పేరు, మంచాల సంఖ్య, రాత్రి సిబ్బంది సంఖ్య అందరూ చూసేలా పెట్టడం. ఏడాదికోసారి చెప్పకుండా తనిఖీ చేసి ఆ నివేదికని బయటపెట్టడం. బెడ్‌సోర్లు, పడిపోవడాలు, హఠాత్ మరణాలు రిపోర్టు చేయడం తప్పనిసరి చేయడం.

అందాకా ఊరే ఒక పని చేయవచ్చు. అమెరికా 1972లో ప్రయోగంగా మొదలుపెట్టి, తర్వాత అన్ని రాష్ట్రాల్లోనూ తప్పనిసరి చేసిన అంబుడ్స్‌మన్ పద్ధతిలో శిక్షణ పొందిన వలంటీర్లు నర్సింగ్ హోమ్‌లకి వెళ్లి, అక్కడివాళ్ల మాట విని, వాళ్ల తరఫున అడుగుతారు. మెట్టుగూడలాంటి చోట ఇందుకు కావాల్సిన మనుషులు ఉన్నారు. నలభై ఏళ్లు వార్డుల్లో పనిచేసి రిటైరైన నర్సులు, రిజిస్టరు చూడగానే తప్పు పట్టగల పాత గుమాస్తాలు, సాయంత్రం పార్కులో కూర్చునే పెన్షనర్లు. వారానికి రెండు గంటలు వీళ్లలో ఇద్దరు ఒక హోమ్‌కి వెళ్లి, ఎవరూ రాని మనిషి పక్కన కూర్చుని నాలుగు మాటలు మాట్లాడితే చాలు. వాళ్లకి పొద్దుపోతుంది, తన మీద ఒక కన్ను ఉందని హోమ్‌కి తెలుస్తుంది.

మీ అమ్మని చేర్చబోయే హోమ్‌లో ఫీజు మాట్లాడటం అయ్యాక చివర్లో ఇదే అడగండి: ‘ఇక్కడ బంధువులెవరూ రానివాళ్లని మా పెన్షనర్లు వారానికోసారి వచ్చి పలకరించవచ్చా?’ ఎప్పుడైనా రండి అన్నచోట మిగతా విషయాలు మాట్లాడుకోవచ్చు. ముందు ఫోన్ చేసి రండి అన్నచోట ఇంకో నాలుగు ప్రశ్నలు అడిగాకే అడ్వాన్సు కట్టండి.